అండం ఏ రోజున ఆగింది?

(భీమవరంలో, పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్న దంపతులు, నర్సులు, ఆశా కార్యకర్తలు వచ్చిన సభలో ఒక ఎంబ్రియాలజిస్టు, అంటే లాబ్‌లో పిండాల్ని పెంచే నిపుణులు, చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

వరి విత్తనం బస్తాకి సర్టిఫికెట్ ట్యాగు కట్టాలంటే నూటికి కనీసం 80 గింజలు మొలవాలి. మండె కట్టి, గోనె విప్పి చూసినప్పుడు అంతకన్నా తక్కువ మొలిస్తే రైతు ఊరుకోడు, విత్తనాల కొట్టు ముందు కూర్చుంటాడు. మనిషి అండానికి అదే నిబంధన పెడితే ఏ బస్తాకీ ట్యాగు రాదండి. ఐవీఎఫ్, అంటే టెస్ట్‌ట్యూబ్ వైద్యం కోసం ముప్పై రెండేళ్ళ అమ్మాయికి 12 అండాలు తీశారనుకోండి. పక్వానికి వచ్చినవి తొమ్మిదో పదో ఉంటాయి. వీర్యకణంతో కలిసి ఫలించేవి సుమారు ఏడు. ఐదో రోజుకి బ్లాస్టోసిస్ట్ దాకా, అంటే గర్భంలో పెట్టడానికి సిద్ధమైన పిండం దాకా చేరేవి మూడు. ఆ మూడింట్లో క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉండేవి రెండు, ఒక్కోసారి ఒకటే. అంతా సవ్యంగా జరిగినప్పటి లెక్క ఇది. ఎక్కడో పొరపాటు జరిగినప్పటిది కాదు.

ఈ లెక్క ముందుగా ఎవరూ చెప్పరు. అందుకని ఐదో రోజు ఫోన్ వచ్చి "రెండే మిగిలాయి" అనగానే ఇంట్లో మొదలవుతుంది. అమ్మాయి ఏం తిన్నదో, స్కూటీ ఎందుకు నడిపిందో, అత్తగారి లెక్కలు కొన్ని, ఆడపడుచు లెక్కలు కొన్ని. తప్పెవరిది అని అడిగితే జవాబు రాదు. ఏ రోజున ఆగింది, ఏ దశలో ఆగింది అని అడగండి, చాలావరకు వస్తుంది. ఎందుకంటే అండం ఆగే చోట్లు లెక్కపెట్టినన్నే ఉన్నాయి, ఒక్కో చోట ఆగడానికి కారణం వేరు.

ముందు అండం సంగతి. మిల్లీమీటరులో సుమారు ఎనిమిదో వంతు ఉంటుంది. మంచి చూపున్నవాళ్ళకి గాజు పళ్ళెంలో చుక్కలా కనపడుతుంది కూడా. ఒంట్లో అంత పెద్ద కణం ఇంకోటి అరుదు. ఆడబిడ్డ తల్లి కడుపులో ఐదో నెలలో ఉన్నప్పుడే ఆ బిడ్డ అండాశయాల్లో 60, 70 లక్షల అండాలు తయారై ఉంటాయి. పుట్టేసరికి పది, ఇరవై లక్షలకి పడిపోతాయి. పుష్పవతి అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. జీవితం మొత్తం మీద నెలకొకటి చొప్పున విడుదలయ్యేవి నాలుగైదు వందలు మాత్రమే. వీర్యకణం రెండున్నర నెలల్లో కొత్తగా తయారవుతుంది. అండానికి ఆ వీలు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ అమ్మాయి అండం వయసు ముప్పై ఎనిమిదేళ్ళ పైచిలుకు.

ఆ అండం అన్నేళ్ళూ విభజన మధ్యలో ఆగి ఉంటుంది. 23 జతల క్రోమోజోములు దగ్గరికొచ్చి, ఒకదాన్నొకటి పట్టుకుని, అలాగే నిలబడిపోతాయి. వాటిని కలిపి ఉంచేది కోహెసిన్ అనే ప్రోటీను, ఉంగరంలాంటిది. కోనసీమలో పీచుతాడు పేనేవాళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఒక్కసారే పేనిన తాడుతో పడవని రేవులో కట్టి, ముప్పై నలభై ఏళ్ళు ఆ తాడు మార్చకుండా వదిలేశారనుకోండి. ఎండకీ వానకీ పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. కోహెసిన్ కూడా అంతే, కడుపులో ఉన్నప్పుడు పెట్టిందే, మళ్ళీ కొత్తది పడుతున్న దాఖలా పెద్దగా లేదు. వయసు పెరిగేకొద్దీ ఆ ముడులు సడలి, పంచుకోవాల్సిన వేళకన్నా ముందే క్రోమోజోములు విడిపోతాయి. ఒక కొసకి ఒకటి ఎక్కువ పోతుంది, ఇంకో కొసకి ఒకటి తక్కువ. 21వ నంబరు క్రోమోజోము ఒకటి ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్. పెద్ద క్రోమోజోముల్లో తేడా వస్తే సాధారణంగా పిండం నిలవదు, నిలిచినా మొదటి నెలల్లోనే పోతుంది.

అంకెల్లో చెప్పాలంటే, 35 ఏళ్ళ దగ్గర ఐదో రోజు పిండాల్లో మూడో వంతుకి క్రోమోజోముల తేడా ఉంటుంది. 40కి సగం దాటుతుంది. 44కి నూటికి 80 పైన. మరీ చిన్న వయసులో, ఇరవై లోపున, కూడా తప్పులు కొంచెం ఎక్కువే. అందుకని ఎంత తొందరగా పెళ్ళి చేస్తే అంత మంచిదనే వాదనకి ఇందులో బలం లేదు.

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను, అసలు తిరకాసు వయసొక్కటే కాదు గనక. పాతికేళ్ళ అమ్మాయి అండంలో కూడా ఈ తప్పులు ఎలుక అండంలో కన్నా చాలా ఎక్కువ. ఎందుకు? క్రోమోజోముల్ని రెండు వైపులా లాగడానికి కణం లోపల ఒక కదురు తయారవుతుంది. దాన్నే స్పిండిల్ అంటాం. మామూలు కణంలో ఆ కదురుకి రెండు కొసలా రెండు గూటాలు ఉంటాయి, సెంట్రోసోములు. బండారులంకలో పడుగు సాగదీసేటప్పుడు రెండు వైపులా గట్టిగా పాతిన గూటాలు ఉంటాయి కదా, అలా. మనిషి అండంలో ఆ గూటాలు లేవు. దారాలు క్రోమోజోముల చుట్టూ పుట్టి, వాటంతటవే సర్దుకుని, రెండు కొసలు తయారు చేసుకోవాలి. దీనికి దగ్గర దగ్గర 16 గంటలు పడుతుంది. ఎలుక అండంలో నాలుగైదు గంటల పని. ఆ 16 గంటల్లోనూ కదురు రెండు కొసలు కాస్తా మూడవుతుంది, మళ్ళీ రెండవుతుంది, ఒరుగుతుంది. ఇంగ్లండులో మెలీనా షూ బృందం 2015లో దీన్ని మైక్రోస్కోపు కింద వరసగా చూసి నమోదు చేసింది. 2022లో వాళ్ళే కారణం కూడా ఒకటి పట్టుకున్నారు. దారాల్ని కట్టగా పట్టి ఉంచే కేఐఎఫ్‌సీ1 అనే మోటారు ప్రోటీను ఆవు, పంది అండాల్లో దండిగా ఉంది, మనిషి అండంలో చాలా తక్కువగా ఉంది. బయటినుంచి ఆ ప్రోటీను చేరిస్తే మనిషి అండంలో కూడా కదురు నిలకడగా నిలబడింది. ఇది పరిశోధనశాల సంగతండి. ఇక్కడ ఏ ఆస్పత్రిలోనైనా ఇస్తామంటే నమ్మకండి.

ఇప్పుడు రోజుల లెక్కలోకి వద్దాం. మొదటి చోటు, అండాలు తీసిన రోజు.

పదీ పన్నెండు రోజుల ఇంజెక్షన్లయ్యాక, కనీసం రెండు మూడు ఫాలికల్స్, అంటే అండం పెరిగే నీటి సంచులు, 17, 18 మిల్లీమీటర్లకి రాగానే ట్రిగ్గర్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. ఆగిపోయిన అండాన్ని మళ్ళీ కదిలించేది ఆ ఇంజెక్షనే. అక్కణ్ణుంచి 35, 36 గంటలకి తీయాలి. తొందరపడితే అండం పచ్చికాయే, జీవీ అనే తొలి దశలోనో దాని తర్వాతి ఎమ్‌వన్ దశలోనో ఉంటుంది. మరీ ఆలస్యమైతే ఫాలికల్ పగిలి అండం కడుపులోకి జారిపోతుంది. పక్వమైన అండానికి పక్కన చిన్న బుడిపె ఉంటుంది, పోలార్ బాడీ. మొదటి విభజనలో సగం క్రోమోజోముల్ని అందులోకి తోసేసిందని గుర్తు. మీ రిపోర్టులో ఎమ్‌టూ అని రాసేది దీన్నే.

నూటికి ఇరవై పక్వం కాకపోవడం మామూలు. సగానికి మించి కాకపోతే ముందు ట్రిగ్గర్ సంగతే చూడాలి. రాత్రి 10 గంటలకి వేయమంటే 10కే. సీరియల్ అయ్యాక 11కి వేసి, పదికే వేశామని చెబితే లాబ్‌కి ఎలా తెలుస్తుంది? చెప్పింది పట్టుకునే ఎల్లుండి ఉదయం 10కి తీస్తారు. ఆలస్యమైతే అయిందని చెప్పేయండి, పికప్, అంటే అండాలు తీసే పని, గంట ఆలస్యంగా పెడతారు, అంతే. సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి. గోదావరి దాటించే నర్సాపురం పంటు మీద ఆధారపడితే వరద రోజుల్లో అది ఆగిపోవచ్చు, చించినాడ వంతెన మీదుగా తిరిగి రావాలి. ఆ రోజుకి ముందు రాత్రే ఊళ్ళో దిగిపోతే గొడవ లేదు.

ఇంజెక్షన్లు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసుపెట్టెలో తెచ్చుకుంటున్నాం కదా అని ఐసు ముక్కల మీదే పెట్టేస్తున్నారు. గడ్డకడితే మందు పనికిరాదు. మధ్యలో గుడ్డో అట్టో పెట్టండి. ఫ్రిజ్‌లో కూడా ఫ్రీజర్ పక్కన వద్దు. హెచ్‌సీజీ అనే హార్మోను ట్రిగ్గర్ వేసుకున్న మర్నాడు మూత్రంతో ప్రెగ్నెన్సీ స్ట్రిప్ వేస్తే పాజిటివ్ రావాలి. అది గర్భం కాదు, మందు ఒంట్లోకి వెళ్ళిందనే రుజువు. నెగెటివ్ వస్తే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఫాలికల్స్ పదున్నాయి గాని ఒక్క అండమూ రాలేదనే కేసుల్లో కొన్ని ఇలాంటివే.

అన్నీ సమయానికే చేసినా రెండుసార్లూ అండాలన్నీ ఒకే దశలో ఆగిపోయాయంటే అది జన్యువుల సంగతి. టీయూబీబీ8 అనే జన్యువులో లోపం ఉంటే కదురు కట్టడమే కుదరక ఎమ్‌వన్‌లో ఆగుతాయి. 2016లో చైనా పరిశోధకులు బయటపెట్టారు. ఇందులో ఒక విచిత్రం, ఆ లోపం తండ్రి దగ్గర్నుంచి కూడా రావచ్చు. ఆయనకి ఏ ఇబ్బందీ ఉండదు, అండాలు లేవు గనక. కూతురికి వచ్చేసరికి బయటపడుతుంది. పీఏటీఎల్2లో లోపమైతే ఇంకా ముందు, జీవీలోనే ఆగిపోతాయి. ఇది బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలవాలి. అందుకని దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా కనపడుతుంది.

మేనరికాలు మన దగ్గర ఎక్కువ గనక ఇది విడమర్చి చెప్పాలి. "మాది మేనరికం, అందుకేనా?" అని అడుగుతారు. అండం తయారీకి సంబంధించిన జన్యువుల విషయంలో మీరు మేనబావని చేసుకున్నారా లేదా అన్నది కాదు ప్రశ్న. మీ అమ్మానాన్నలది మేనరికమా, మీ అమ్మ తన సొంత మేనమామనే చేసుకుందా, అది కావాలి. అండాన్ని తయారు చేసేది అమ్మాయి ఒళ్ళు. ఆ ఒంట్లో జన్యువులు కలిసింది ఆమె తల్లిదండ్రుల పెళ్ళితో. ఫైలులో దంపతుల బంధుత్వం రాస్తారు గాని అమ్మాయి తల్లిదండ్రుల బంధుత్వం అడగరు చాలాచోట్ల. మీరే చెప్పండి.

రెండో చోటు, మర్నాడు ఉదయం. కలిపిన 16 నుంచి 18 గంటల మధ్య చూస్తాం. అండం నడుమ రెండు గుండ్రని ప్రోన్యూక్లియసులు, ఒకటి తల్లి జన్యువులది, ఒకటి తండ్రి జన్యువులది, పక్కపక్కన కనపడాలి. మూడు కనపడితే దాన్ని పక్కన పెట్టేస్తారు. రెండు వీర్యకణాలు దూరి ఉండొచ్చు. ఒకే వీర్యకణాన్ని సూదితో అండంలోకి గుచ్చే ఇక్సీ పద్ధతిలో మూడు కనపడితే అండం తన రెండో పోలార్ బాడీని బయటికి తోయలేకపోయిందన్నమాట. గుచ్చినప్పుడు నూటికి ఐదు నుంచి పది అండాలు నలిగి పాడవుతాయి. పై పొర మరీ పెళుసైనా, సూది పట్టు తప్పినా అంతే.

అసలు ఏమీ కనపడకపోతే? మామూలు ఐవీఎఫ్‌లో ఒక్కో అండం చుట్టూ యాభై వేల నుంచి లక్ష దాకా వీర్యకణాలు వదులుతారు, అవే దూరాలి. దూరలేకపోతే ఇక్సీకి వెళ్తారు. ఇక్సీలో కూడా ఫలించకపోతే ఇంకో మెలిక. వీర్యకణం లోపలికి వెళ్ళినంత మాత్రాన అండం మేలుకోదు. వీర్యకణం తలలో పీఎల్‌సీ జీటా అనే ప్రోటీను ఉంటుంది. అది తగిలాక అండంలో కాల్షియం అలల్లాగా లేస్తుంది, పడుతుంది, గంటల తరబడి. ఆ అలలతోనే అండం రెండో విభజన ముగిస్తుంది. పీఎల్‌సీ జీటా లేకపోతే కణం లోపలే పడి ఉంటుంది, అండం నిద్రలోనే ఉంటుంది. దీనికి మందుంది. కాల్షియం అయనోఫోర్ ద్రావణంలో అండాల్ని కొద్ది నిమిషాలు ఉంచితే చాలా కేసుల్లో మేలుకుంటాయి. లోపం వీర్యకణంలో ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. అండంలోనే డబ్ల్యూఈఈ2 వంటి జన్యులోపం ఉంటే చేయదు. అందుకని మొదటిసారే అందరికీ అయనోఫోర్ వేసేయడం నాకు సమ్మతం కాదు. అవసరం తేలాక వేయాలి.

రెండో రోజుకి నాలుగు కణాలు, మూడో రోజుకి ఎనిమిది. ఈ మధ్యలో ఆగినవి చాలానే ఉంటాయి. మొదటి విభజన ప్రమాదకరమైన మలుపు. రెండు ప్రోన్యూక్లియసులు దగ్గరికొచ్చి, రెండు పక్కల క్రోమోజోములూ ఎదురెదురుగా గుమిగూడాలి. సరిగ్గా గుమిగూడకుండానే విభజన మొదలైతే పంపకం తప్పుతుంది. ఒకటి రెండు కావాల్సింది ఒక్కసారే మూడవుతుంది. టైమ్‌ల్యాప్స్ కెమెరా ఉన్న ఇంక్యుబేటర్లో ఇది కళ్ళకి కనపడుతుంది. ఇవి తల్లి వయసుతో ముడిపడిన తప్పులు కావు, ఇరవై ఆరేళ్ళ అమ్మాయికి కూడా వస్తాయి. 2023లో వచ్చిన ఒక పరిశీలనలో, మధ్యలో ఆగిపోయిన పిండాల్లో నూటికి 90కి పైగా క్రోమోజోముల తేడా ఉన్నవేనని తేలింది. ఆగిపోయింది చాలావరకు ఆగాల్సిందే. గర్భంలో పెట్టి ఉంటే నిలబడేదేమో అని బాధపడేవాళ్ళకి ఈ అంకె చెబుతుంటాను.

మూడో రోజు దగ్గర ఇంకో గండం. అప్పటిదాకా పిండానికి సొంత సంపాదన లేదు. అమ్మ కట్టి ఇచ్చిన సద్దిమూటే, అండంలో ముందే నింపి ఉంచిన ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు, లక్షకి పైగా మైటోకాండ్రియా. వీటితోనే మూడు రోజులు నడుస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల మధ్య దాని సొంత జన్యువులు మొదటిసారి పని మొదలుపెడతాయి. 1988లో ఇంగ్లండులో పీటర్ బ్రాడ్ తోటి శాస్త్రవేత్తలతో కలిసి చూపించిన సంగతి ఇది. మూట ఖాళీ అయ్యేలోపు సొంత పొయ్యి అంటుకోకపోతే అక్కడే ఆగిపోతుంది. టీఎల్‌ఈ6, పీఏడీఐ6 వంటి జన్యువుల్లో లోపమున్న అమ్మాయిల్లో ఆ మూట కట్టుబడే సరిగా ఉండదు, అన్ని పిండాలూ తొలి రోజుల్లోనే ఆగుతాయి. అలాంటప్పుడు మందు మార్చినా, ఊరు మార్చినా ఫలితం ఒకటే. దాత అండం గురించి మాట్లాడాలి.

మూడో రోజుకి బాగానే ఉండి, ఐదో రోజుకి ముద్దలా ఉండిపోయినవైతే మగవారి వైపు కూడా చూడాలి. తండ్రి జన్యువులు పని అందుకునేది ఇక్కణ్ణుంచే. వీర్యకణంలో డీఎన్‌ఏ తెగి ఉంటే కొంతవరకు అండమే అతుకు వేసుకుంటుంది. వయసు మళ్ళిన అండానికి ఆ అతుకు వేసే ఓపిక తక్కువ. సిగరెట్టు, గుట్కా, వేరికోసిల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం), పొయ్యిల దగ్గరా బాయిలర్ల దగ్గరా రోజంతా వేడిలో పని, ఇవి ముందు చూసుకోవాలి. వీర్యకణాల కౌంటు బాగుంది కదా అంటారు. కౌంటు వేరు, లోపలి డీఎన్‌ఏ వేరు.

లాబ్ తప్పు ఉండదా? ఉంటుంది. చెరువుల ఊళ్ళో ఇది చెప్పడం తేలిక. తెల్లవారుజామున చెరువులో పీహెచ్ ఎందుకు పడుతుంది? రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ పేరుకుని. మధ్యాహ్నానికి నాచు దాన్ని వాడేసి పీహెచ్ లేపుతుంది. మా ఇంక్యుబేటర్ కూడా అంతే. 6 శాతం కార్బన్ డయాక్సైడ్ పెడితే ద్రావణం పీహెచ్ 7.2, 7.4 మధ్య నిలుస్తుంది. ఎత్తు ప్రాంతాల్లో అయితే ఇంకాస్త ఎక్కువ పెట్టాలి, మనది సముద్రానికి ఆనుకున్న నేల గనక ఆ బాధ లేదు. తేడా వచ్చేది ఆక్సిజన్ దగ్గర. రొయ్యకి ఏరియేటర్లు తిప్పి ఆక్సిజన్ పెంచుతారు. పిండానికి తగ్గించాలి. గాలిలో 21 శాతం ఉంటే మేము 5కి తెస్తాం, గర్భనాళంలో ఉండేది అంతే గనక. ఎక్కువైతే పిండం దెబ్బతింటుంది.

వేడి 37 డిగ్రీలు. ఇందాక చెప్పిన కదురు చలికి ఓర్చదు. మామూలు గది చల్లదనంలో పది నిమిషాలు ఉంచితే దారాలు కరిగిపోతాయి, మళ్ళీ వెచ్చబెట్టినా అన్నీ సరిగ్గా కట్టుకోవు. అందుకే అండం తీసిన ట్యూబు కూడా వెచ్చటి దిమ్మలో పెట్టి పరిగెడతాం. గాలిలో వాసనలు ఇంకో శత్రువు. కొత్త పెయింటు, ఫినాయిలు, దోమల చుట్ట, అగరొత్తి, సెంటు. పికప్ రోజున మల్లెపూలు, సెంటు, పౌడరు వద్దనేది అందుకే, చాదస్తం కాదు. కరెంటు సంగతి 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమకి వేరే చెప్పాలా? మీరు ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు జనరేటర్ ఉందా అని అడిగి ఊరుకోకండి. జనరేటర్ అందుకునేలోపు ఇంక్యుబేటర్ ఏ యూపీఎస్ మీద నడుస్తుంది, ఎన్ని గంటలు, అది అడగండి. ఒకే రోజు ఒకే ఇంక్యుబేటర్లో పెట్టిన చాలామంది పిండాలు ఒకేసారి ఆగిపోతే అది లాబ్ సమస్య. మీ ఒక్కరివే ఆగిపోయి, పక్కవాళ్ళవి పెరిగితే లాబ్‌ని అనుమానించడం కష్టం.

(ప్రశ్న: మా అమ్మాయికి ఏఎంహెచ్ తక్కువండి, 0.8. అండాలు బాగోవనే కదా?)

కాదమ్మా. ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష అండాల సంఖ్య చెబుతుంది, నాణ్యత చెప్పదు. గాదెలో ధాన్యం ఎంతుందో చెబుతుంది, తాలెంతో చెప్పదు. మీ అమ్మాయి వయసెంత? ఇరవై తొమ్మిదా. అయితే నాలుగే రావచ్చు గాని ఆ నాలుగూ ఇరవై తొమ్మిదేళ్ళ అండాలే. ఏఎంహెచ్ 3 ఉన్న నలభై రెండేళ్ళావిడకి పన్నెండు రావచ్చు, అందులో సరైనది ఒకటి కూడా దొరక్కపోవచ్చు.

(ప్రశ్న: అండాలు బాగుపడతాయని కోక్యూటెన్, డీహెచ్‌ఈఏ మాత్రలు రాశారండి, నెలకి మూడు వేలవుతోంది.)

కోక్యూటెన్ వల్ల హాని పెద్దగా లేదు, లాభం గట్టిగా రుజువు కాలేదు. డీహెచ్‌ఈఏ హార్మోను, డాక్టరు చెప్పకుండా వాడొద్దు. తెగిన పీచుతాడుని మళ్ళీ పేనే మాత్ర ఏదీ ఇంతవరకు లేదు. ఫోలిక్ యాసిడ్, షుగరు, థైరాయిడ్, బరువు, ఇవి ముందు సరిచేసుకోండి. ఆ మూడు వేలూ పక్కన దాచుకుంటే ఇంకో విడత వైద్యానికి పనికొస్తాయి.

(ప్రశ్న: మరి మేము లాబ్‌లో ఏం అడగాలండి?)

ఒక కాగితం. తీసినవి ఎన్ని, అందులో జీవీ ఎన్ని, ఎమ్‌వన్ ఎన్ని, ఎమ్‌టూ ఎన్ని. ఐవీఎఫా, ఇక్సీయా. మర్నాడు రెండు ప్రోన్యూక్లియసులున్నవి ఎన్ని, ఒకటి, మూడు ఉన్నవి ఎన్ని, నలిగినవి ఎన్ని. రెండో రోజు, మూడో రోజు కణాలు ఎన్ని. ఐదు, ఆరు రోజుల్లో బ్లాస్టోసిస్టులు ఎన్ని, గ్రేడు ఏమిటి. ట్రిగ్గర్ ఏది, వేసిన గంట, తీసిన గంట. "గ్రేడ్ ఏ పిండాలు రెండు" అని ఒక్క ముక్క రాసిస్తే తీసుకోకండి, ఈ వివరాలు వాళ్ళ రిజిస్టర్లో ఉంటాయి. డిశ్చార్జి రోజునే అడిగి తీసుకోండి. ఆర్నెల్ల తర్వాత రాజమండ్రిలోనో విజయవాడలోనో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ముందు చూసేది ఆ కాగితమే.